రూపం వీడిన వాచికం: కొంగర జగ్గయ్య శబ్దముద్రణల సేకరణ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగు సినిమా నటులను గురించిన విమర్శ ప్రధానంగా దృశ్యాన్ని ఆశ్రయించి సాగింది. నటుని కంఠం ఆ విమర్శలో ప్రశంసావాక్యంగా కనిపిస్తుందే తప్ప పరిశీలనకు ఆధారంగా కనిపించదు. గ్రామఫోను రికార్డులుగా, రేడియో ప్రసారాలుగా, క్యాసెట్లుగా నటుల కంఠాలను దాచుకున్న సేకర్తల కృషి చాలావరకు విశ్వవిద్యాలయ పరిశోధనకు వెలుపలే ఉండిపోయింది. కొంగర జగ్గయ్య వాచికాన్ని ప్రధానోదాహరణగా, నర్సీపట్నం ప్రాంతచరిత్రతో ముడిపడిన 'అల్లూరి సీతారామరాజు' (1974) చిత్రంలోని రూథర్‌ఫర్డ్ పాత్రను సందర్భంగా తీసుకొని, నటుని శబ్దముద్రణను ఒక పాఠంగా ఎట్లా చదవవచ్చో ఈ వ్యాసం చర్చిస్తుంది. వివరపట్టిక తోడు కానిదే ఏ సేకరణా పరిశోధనకు ఆకరం కాజాలదన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: వాచికాభినయం, కాకువు, శబ్దముద్రణ, జగ్గయ్య, రూథర్‌ఫర్డ్, నర్సీపట్నం, సంక్షిప్త శబ్దచిత్రం, పాఠపరిష్కరణ.

1. ప్రవేశిక

ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని అభినయాన్ని భరతుడు నాలుగు విధాలుగా విభజించాడు. సినిమా ప్రధానంగా దృశ్యకళ అన్న అభిప్రాయం బలపడడంతో ఈ నాలుగింటిలో వాచికానికి తగిన పరిశీలన దక్కలేదు. ఒక నటుణ్ణి గురించి రాసేటప్పుడు "కంచు కంఠం", "గంభీరమైన గొంతు", "స్పష్టమైన ఉచ్చారణ" వంటి విశేషణాలు వాడి విమర్శకులు ముందుకు సాగిపోతారు. ఆ గాంభీర్యం ఏ స్థాయిలో ఉంది, ఏ పాత్రలో ఎట్లా మారింది, ఏ యంత్రం ద్వారా శ్రోతను చేరింది అన్న ప్రశ్నలు మిగిలే ఉంటాయి.

ఈ ప్రశ్నలకు సమాధానం చెప్పాలంటే ముందుగా వినడానికి ఆధారం కావాలి. హాలీవుడ్ నటుల విషయంలో ఆ ఆధారాన్ని చాలావరకు నిలబెట్టినవారు సేకర్తలు. 1930, 40 దశకాల అమెరికన్ రేడియో నాటకాలలో సినిమా తారలు విరివిగా పాల్గొన్నారు. ఆ ప్రసారాల డిస్కులను, టేపులను వ్యక్తులు సేకరించి, పరస్పరం మార్చుకొని, జాబితాలు కట్టిన తరువాతనే ఆర్సన్ వెల్స్, రొనాల్డ్ కోల్మన్, బాసిల్ రాత్‌బోన్ వంటి నటుల కంఠాలు విడిగా అధ్యయనానికి అందివచ్చాయి. తెలుగునాట కూడా సేకర్తలు ఉన్నారు, శబ్దసామగ్రి ఉంది. ఈ రెండింటినీ కలిపే విమర్శపద్ధతి మాత్రం రూపొందవలసే ఉంది.

2. నటుని శబ్దముద్రణ అంటే ఏది?

"ఫలానా నటుని ఆడియో" అన్న మాట పైకి సరళంగా కనిపించినా తెలుగు సినిమా సందర్భంలో అది చిక్కైనది. నేపథ్యగానం స్థిరపడకముందు చిత్తూరు నాగయ్య, పి. భానుమతి, సి.ఎస్.ఆర్. ఆంజనేయులు వంటివారు నటులూ గాయకులూ. వారి పాట రికార్డు వారి కంఠానికే సాక్ష్యం. నేపథ్యగానం వచ్చిన తరువాత పాట రికార్డు మీద చిత్రం పేరు ఉన్నా, బొమ్మలో నటుడు ఉన్నా, గాడిలో ఉన్న గొంతు గాయకునిది. నటుని కంఠం కోసం వెతికే సేకర్తకు అత్యధిక సంఖ్యలో దొరికే సినిమా పాటల రికార్డులు అందువల్లనే నిరుపయోగమవుతాయి.

జగ్గయ్య విషయంలో ఈ చిక్కు మరింత స్పష్టం. ఆయన శబ్దముద్రణలను రూపానికీ కంఠానికీ గల సంబంధాన్ని బట్టి నాలుగు వర్గాలుగా చూడవచ్చు.

అ) రూపమూ కంఠమూ ఆయనవే అయినవి. 'ప్రియురాలు' (1952) మొదలుకొని ఆయన నటించిన చిత్రాలలోని సంభాషణలు ఈ వర్గానికి చెందుతాయి.

ఆ) రూపం ఆయనది, కంఠం ఇతరులది అయినవి. ఆయన మీద చిత్రించిన యుగళగీతాలు, ఏకగీతాలు ఇటువంటివి.

ఇ) కంఠం ఆయనది, రూపం ఇతరులది అయినవి. శివాజీ గణేశన్ తమిళ చిత్రాలు తెలుగులోకి అనువాదమైనప్పుడు శివాజీకి తెలుగు గొంతుగా జగ్గయ్య ప్రసిద్ధులు.

ఈ) కంఠం మాత్రమే ఉన్నవి. ఆకాశవాణి ఢిల్లీ కేంద్రంలో ఆయన తెలుగు వార్తలు చదివారు. ఆ వార్తలు, రేడియోలో చేసిన ప్రసంగ పఠనాదులు ఈ వర్గంలోనివి.

సాధారణ సేకరణలు నటుని పేరుతో కాక చిత్రం పేరుతో సాగుతాయి. అప్పుడు మూడవ వర్గం మొత్తం శివాజీ గణేశన్ పేరు కింద చేరి జగ్గయ్య జాబితాలో లోపిస్తుంది. రెండవ వర్గం ఆయనది కాకపోయినా ఆయన పేరు కిందికి వస్తుంది. నాలుగవ వర్గానికి వాణిజ్య విలువ లేదు కాబట్టి అసలు చేరకుండా పోతుంది. అంటే కంఠానికి అత్యంత ప్రత్యక్షమైన సాక్ష్యమే అందరికంటె ముందు నశిస్తున్నదన్నమాట. సేకరణ తటస్థమైన పని కాదనడానికి ఇదొక నిదర్శనం. దేనిని ఏ పేరు కింద ఉంచాలన్న నిర్ణయంలోనే విమర్శ మొదలవుతుంది.

3. జగ్గయ్య కంఠం: వాచిక పరిశీలన

నాట్యశాస్త్రం వాచికానికి మూడు స్థానాలు చెప్పింది: ఉరస్సు, కంఠం, శిరస్సు. దూరాన ఉన్నవారితో మాట్లాడేటప్పుడు శిరఃస్థానం, కొంచెం దూరంలో ఉన్నవారితో కంఠస్థానం, పక్కన ఉన్నవారితో ఉరఃస్థానం వాడాలన్నది ఆ నియమం. ఉచ్చ, దీప్త, మంద్ర, నీచ, ద్రుత, విలంబితాలు అన్న ఆరు అలంకారాలు దీనికి తోడు. పలుకు తీరు వల్ల అర్థం మారడాన్ని ఆలంకారికులు కాకువు అన్నారు. ఇంకా చెప్పవలసినది మిగిలి ఉన్నట్టు వినిపిస్తే సాకాంక్షం, ముగిసినట్టు వినిపిస్తే నిరాకాంక్షం.

తెలుగు పద్యనాటకం ప్రధానంగా శిరఃస్థానాన్ని పెంచి పోషించింది. మైకు లేని రంగస్థలం మీద చివరి వరుసలోని ప్రేక్షకుడికి పద్యం అందాలి. కపిలవాయి రామనాథశాస్త్రి వంటి నటగాయకుల గ్రామఫోను రికార్డులు ఈ సంప్రదాయానికి చెందినవి. తొలినాటి రికార్డింగులో కొమ్ములాంటి గొట్టం ముందు నిలబడి గట్టిగా పాడవలసి రావడం కూడా ఆ పద్ధతికి అనుకూలించింది. 1920ల నడుమ విద్యుత్ రికార్డింగు వచ్చాక మైక్రోఫోను సన్నని స్వరాన్ని కూడా పట్టుకోగలిగింది. అయినా అలవాటుపడిన కంఠాలు వెంటనే మారలేదు. తొలి టాకీలలో సంభాషణ రంగస్థలం దిక్కు చూసే మాట్లాడింది.

జగ్గయ్య కంఠానికి ప్రత్యేకత ఇక్కడ కనిపిస్తుంది. రంగస్థలంతో పరిచయం ఉన్నా ఆయన వాచికంలో వినిపించేది రేడియో శిక్షణ. వార్తలు చదివేవాడికి ఎదురుగా జనం ఉండరు. ప్రతి శ్రోతా తన ఇంట్లో, పెట్టెకు దగ్గరగా ఉంటాడు. లక్షలమందితో మాట్లాడుతూనే ఒక్కరితో మాట్లాడినట్టు ఉండాలి. దూరానికి శిరస్సు అన్న భరతుని సూత్రం ఇక్కడ తారుమారవుతుంది: దూరాన ఉన్నవారికి ఉరఃస్థానంతోనే చెప్పడం సాధ్యపడుతుంది. జగ్గయ్య సినిమా సంభాషణలో మంద్రస్వరం, విలంబగతి, వాక్యాంతాన్ని మింగకుండా చివరి అచ్చు దాకా పలకడం, ఒత్తులను, సంయుక్తాక్షరాలను విడదీయకుండా స్పష్టంగా ఉచ్చరించడం ఈ క్రమశిక్షణ నుంచి వచ్చినవిగా గుర్తించవచ్చు.

ఆయన సమకాలికులతో పోల్చి వింటే ఈ విషయం మరింత తేటపడుతుంది. ఎన్.టి. రామారావు పౌరాణిక వాచికంలో దీర్ఘసమాసాన్ని ఒకే ఊపిరిలో నడిపించే దీప్తస్వరం ప్రధానం. ఎస్.వి. రంగారావు వాక్యాన్ని ముక్కలుగా విరిచి, విరామంతో బెదిరించగలరు. గుమ్మడి వెంకటేశ్వరరావు గొంతులో ఆర్ద్రత ముందుకు వస్తుంది. జగ్గయ్య వాక్యం వీటికి భిన్నంగా ఆలోచిస్తూ సాగినట్టు వినిపిస్తుంది. వాక్యం నడుమ సాకాంక్ష కాకువును నిలిపి చివరకు నిరాకాంక్షంగా దించడం ఆయన పద్ధతి. అందువల్లనే ఆయన కోపం కూడా నిర్ణయంలా వినిపిస్తుంది. న్యాయవాది, వైద్యుడు, అధికారి, విద్యావంతుడైన ప్రతినాయకుడు వంటి పాత్రలు ఆయనకు ఎక్కువగా రావడంలో రూపం కంటె కంఠం పాత్రే పెద్దది కావచ్చు.

ఈ కంఠానికి సాహిత్య నేపథ్యమూ ఉంది. రవీంద్రుని 'గీతాంజలి'ని 'రవీంద్రగీత'గా తెలుగు చేసిన అనువాదకుడాయన. పదాన్ని అర్థంతో తూచి పలకడమన్నది అనువాదకుడికి సహజమైన అలవాటు. అయితే దీనిని కూడా అభిమానవాక్యంగా వదిలివేయక, ఒకే దశాబ్దానికి చెందిన ఆయన రేడియో పఠనాన్నీ సినిమా సంభాషణనూ పక్కపక్కన పెట్టి విని నిరూపించవలసి ఉంటుంది. అందుకు నాలుగవ వర్గపు ముద్రణలు అవసరం.

4. నర్సీపట్నం సందర్భం: రూథర్‌ఫర్డ్ గొంతు

నర్సీపట్నం మన్యానికి వాకిలి. మైదానం నుంచి చింతపల్లి కొండల వైపు వెళ్లే దారి ఈ ఊరి మీదుగానే సాగుతుంది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద అల్లూరి సీతారామరాజు దళం వరుసగా దాడి చేసింది. అదే ఏడాది సెప్టెంబరు 24న దామనపల్లి వద్ద మరణించిన స్కాట్ కవర్డ్, హైటర్ అన్న ఆంగ్ల పోలీసు అధికారుల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. సీతారామరాజు సమాధి కృష్ణదేవిపేటలో ఉంది. ఒకే ప్రాంతంలో ఇరుపక్షాల సమాధులూ ఉన్నాయి, రాతలున్నాయి, ప్రభుత్వ దస్త్రాలున్నాయి. వినవచ్చే గొంతు మాత్రం ఏ పక్షం నుంచీ సామాన్యునికి అందలేదు.

ఇది యంత్రం లేకపోవడం వల్ల జరిగినది కాదు. భారతదేశంలో వాణిజ్యపరమైన శబ్దముద్రణ 1902లో కలకత్తాలో ఆరంభమైంది. గ్రియర్సన్ భాషాసర్వేక్షణకు అనుబంధంగా దేశభాషల నమూనాలను గ్రామఫోను రికార్డులకు ఎక్కించారు. మద్రాసు రాష్ట్ర భాషలు, మాండలికాల రికార్డుల పాఠాలను మద్రాసు ప్రభుత్వ మ్యూజియం 1927లో పుస్తకంగా ప్రచురించింది. మన్యం తిరుగుబాటు జరిగిన దశాబ్దంలోనే ప్రజల మాట రికార్డుకెక్కింది. అయితే ఎక్కినది భాషకు నమూనాగా పలికిన మాట. తిరుగుబాటులో పాల్గొన్న గాం మల్లుదొర 1952లో తొలి లోక్‌సభకు ఎన్నికయ్యారు. అప్పటికి విజయవాడ ఆకాశవాణి ఏర్పడి నాలుగేళ్లు. అంటే తిరుగుబాటును చూసిన కళ్లూ, చెప్పగల నోళ్లూ రేడియో యుగందాకా ఉన్నాయి.

ఈ ఖాళీలోకి 1974 మే 1న విడుదలైన 'అల్లూరి సీతారామరాజు' చిత్రం ప్రవేశించింది. కృష్ణకు అది నూరవ చిత్రం. తెలుగులో తొలి రంగుల సినిమాస్కోప్ చిత్రంగా పేరు పొందింది. వి. రామచంద్రరావు దర్శకత్వంలో మొదలై ఆయన మరణానంతరం పూర్తయింది. త్రిపురనేని మహారథి సంభాషణలు సమకూర్చారు. శ్రీశ్రీ రాసిన "తెలుగువీర లేవరా" పాటకు జాతీయ పురస్కారం వచ్చింది. ఇందులో రూథర్‌ఫర్డ్ పాత్ర జగ్గయ్యది.

చరిత్రలోని టి.జి. రూథర్‌ఫర్డ్ 1924 ఏప్రిల్‌లో ఏజెన్సీకి ప్రత్యేకాధికారిగా నియమితుడైన సివిల్ అధికారి. నెల తిరగకముందే, మే 7న, కొయ్యూరులో సీతారామరాజు హత్య జరిగింది. ఆ కాల్పులకు సంబంధించి చరిత్రకారులు మేజర్ గుడాల్ పేరును ప్రధానంగా పేర్కొంటారు. చిత్రం మాత్రం ఆంగ్లపాలన మొత్తాన్ని రూథర్‌ఫర్డ్ అన్న ఒక్క పాత్రలో కేంద్రీకరించి, నాయకునికి దీటైన ఎదురుగొంతును సృష్టించింది. రెండేళ్ల తిరుగుబాటు చివరి ఘట్టంలో వచ్చిన ఒక అధికారి ఈ విధంగా తెలుగు ప్రేక్షకుని జ్ఞాపకంలో తిరుగుబాటు మొత్తానికి ప్రత్యర్థిగా నిలిచాడు.

ఈ నిలకడకు వాచికం ముఖ్య కారణం. తెలుగు నాటకంలోనూ సినిమాలోనూ దొర పాత్ర అనగానే వచ్చీరాని తెలుగును హాస్యానికి వాడుకోవడం ఒక అలవాటు. ఆ అలవాటు ప్రకారం పాత్రను నడిపితే ప్రత్యర్థి చులకనవుతాడు, అతనితో తలపడిన నాయకుని పోరాటమూ తేలికపడుతుంది. జగ్గయ్య కంఠం ఆ ప్రమాదాన్ని తప్పించింది. ఆహార్యం ఆంగ్లేయుడిదే అయినా వినిపించేది శ్రోత ఎరిగిన జగ్గయ్య గొంతు, వార్తలు చదివిన గొంతు, నమ్మదగినదిగా అలవాటైన గొంతు. మంద్రస్థాయిలో, తొందరలేని నడకతో మాట్లాడే అధికారికి అరవవలసిన అవసరం లేదు. అధికారం ఆ నిదానంలోనే ఉంది. కృష్ణ వాచికంలోని ఆవేశపు ద్రుతగతికి ఈ విలంబగతి సరైన ఎదురుబొమ్మ. ఇద్దరూ ఎదురెదురుగా నిలిచిన ఘట్టాన్ని బొమ్మ లేకుండా వింటే, రెండు రాజకీయ పక్షాల భేదం రెండు లయల భేదంగా చెవికి తెలుస్తుంది.

విమర్శకు ఇక్కడొక కఠినమైన ప్రశ్న ఎదురవుతుంది. నమ్మకాన్ని కలిగించే కంఠం పాలకునికి దక్కినప్పుడు చరిత్రకు జరిగేది ఏమిటి? సీతారామరాజుకు నాయకుని కంఠం దక్కింది, రూథర్‌ఫర్డ్‌కు విజ్ఞుని కంఠం దక్కింది. గాం గంటందొర, మల్లుదొరలు, వారి వెంట నడిచిన మన్యం గిరిజనులు ఈ రెండు మైదాన కంఠాల నడుమ ప్రధానంగా బృందస్వరంగా మిగిలారు. వారి మాట యాస, లయ, వారి భాషలు చిత్రపు శబ్దపటంలో ప్రధానస్థానానికి రాలేదు. అందువల్ల ఈ చిత్రపు శబ్దాన్ని దాచుకున్న సేకర్త దాచుకున్నది మన్యం గొంతును కాదు. 1974 నాటి తెలుగు సినిమా మన్యానికి ఇచ్చిన గొంతును. ఈ భేదాన్ని సేకరణ గుర్తించకపోతే సినిమా ధ్వని క్రమంగా ప్రాంతచరిత్ర స్థానాన్ని ఆక్రమిస్తుంది. నర్సీపట్నం కళాశాలలో మన్యం తిరుగుబాటును బోధించే అధ్యాపకునికి ఇది కేవలం సిద్ధాంతచర్చ కాదు.

5. సంక్షిప్త రూపాలు, పాఠభేదాలు

సినిమా శబ్దం శ్రోతకు యథాతథంగా చేరిన సందర్భాలు తక్కువ. 78 వేగపు రికార్డు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాల శబ్దాన్ని పట్టుకుంటుంది. ఎల్.పి. రికార్డు రెండు వైపులా కలిపి 45 నిమిషాలకు అటూఇటూ. 'ముత్యాలముగ్గు' (1975), 'దానవీరశూరకర్ణ' (1977) చిత్రాల సంభాషణలు రికార్డులుగా వచ్చి ఊరూరా మైకుల్లో మోగాయి. ఆకాశవాణి 'సంక్షిప్త శబ్దచిత్రం' పేరుతో సినిమాను కుదించి ప్రసారం చేసింది. 1963లో విశాఖపట్నం ఆకాశవాణి ప్రారంభమయ్యాక ఉత్తరాంధ్ర పల్లెలకు రేడియో మరింత దగ్గరైంది. 1970ల చివరినుంచి టూ-ఇన్-వన్ టేప్‌రికార్డర్లు రావడంతో ఆ ప్రసారాలను ఇంట్లోనే ఖాళీ క్యాసెట్‌కు ఎక్కించుకోవడం సాధ్యమైంది.

ఇక్కడ హాలీవుడ్ సంప్రదాయానికీ తెలుగు సంప్రదాయానికీ గల భేదం గమనించదగినది. అమెరికాలో 1934 నుంచి 1955 వరకు సాగిన 'లక్స్ రేడియో థియేటర్' సినిమా కథను రేడియోకు అనువుగా తిరగరాయించి, తారలచేత మైకు ముందు మళ్లీ అభినయింపజేసింది. కాబట్టి అక్కడి సేకర్త దాచుకునేది ఆ నటుని మరొక ప్రదర్శన. తెలుగు శబ్దచిత్రంలో నటుడు మళ్లీ నటించలేదు. చిత్రపు శబ్దాన్నే కత్తిరించి, దృశ్యం లోపించిన చోట వ్యాఖ్యాత మాటతో అతికించారు. కాబట్టి ఇక్కడి సేకర్త దాచుకునేది అదే ప్రదర్శనకు మరొక కూర్పు. మొదటిదానిలో నటుని కళ రెండవసారి వ్యక్తమవుతుంది. రెండవదానిలో కూర్పరి అభిరుచి వ్యక్తమవుతుంది. రెండింటినీ "ఆడియో" అన్న ఒకే మాటతో పిలవడం విమర్శకు చేటు.

కూర్పరి ఏది ఉంచాడు, ఏది వదిలాడు అన్నది పాఠభేద సమస్య. మూడు గంటల చిత్రం గంట దాపుకు కుదించినప్పుడు మౌనాలు ముందు పోతాయి. శబ్దానికి మౌనం ఖాళీగా కనిపిస్తుంది గనుక కత్తెర మొదట అక్కడ పడుతుంది. జగ్గయ్య వంటి నటునికి ఇది పెద్ద నష్టం, ఎందుకంటే ఆయన విలంబగతిలో విరామమే అర్థానికి ఆధారం. రామారావు దీర్ఘసమాసాలు కుదింపును తట్టుకోగలవు, రావుగోపాలరావు చమత్కారాలు ముక్కలైనా మెరుస్తాయి. ఏకపాత్ర సంభాషణల రికార్డులు ప్రజాదరణ పొందినంతగా జగ్గయ్య తరహా ఆలోచనాత్మక వాచికం వాణిజ్య రూపంలో వ్యాపించకపోవడానికి ఇదొక కారణమని ఊహించవచ్చు. మాధ్యమం ఏ కంఠాన్ని నిలుపుతుందో, దేనిని జారవిడుస్తుందో ఈ పోలిక సూచిస్తుంది.

తాళపత్ర గ్రంథాల విషయంలో తెలుగు పండితులకు ఈ సమస్య కొత్తది కాదు. సి.పి. బ్రౌన్ ప్రతులు తెప్పించి సరిపోల్చాడు. వేటూరి ప్రభాకరశాస్త్రి, మానవల్లి రామకృష్ణకవి ప్రతులను వెదికి పరిష్కరించారు. లేఖకుని తప్పు, ప్రక్షిప్తం, లుప్తభాగం అన్న భావనలు శబ్దముద్రణకూ వర్తిస్తాయి. టేపు మార్చేటప్పుడు పోయిన వాక్యం లుప్తభాగం. వ్యాఖ్యాత చేర్చిన మాట ప్రక్షిప్తం. తప్పు వేగంతో చేసిన నకలు లేఖకదోషం.

6. సేకరణ నుంచి పరిష్కరణకు

కంఠమే పరిశీలనాంశమైనప్పుడు సాంకేతిక దోషం నేరుగా విమర్శదోషంగా మారుతుంది. టేపు నాలుగు శాతం వేగంగా తిరిగితే స్వరస్థాయి అర్ధస్వరంలో సగానికి మించి పైకి జరుగుతుంది. మంద్రమని చెప్పదలచిన గొంతు మధ్యమంగా వినిపిస్తుంది, విలంబం తొందరగా మారుతుంది. ఇటువంటి నకలును విని జగ్గయ్య యౌవనంలో గొంతు సన్నగా ఉండేదని ఎవరైనా తేల్చితే అది నటునిపై తీర్పు కాదు, మోటారుపై తీర్పు. నటుని గొంతును నటుడే కాక రికార్డింగు గదీ, నకలు యంత్రమూ కూడా నిర్మిస్తాయి.

రెండవ ప్రమాదం శుభ్రపరచడంలో ఉంది. గరగర తగ్గించే సాఫ్ట్‌వేరు తరచుగా ఊపిరి చప్పుడునూ, పెదవి కదలికనూ, గది ప్రతిధ్వనినీ తీసివేస్తుంది. వినడానికి హాయిగా ఉండవచ్చు గాని, నటుడు ఎక్కడ ఊపిరి తీసుకున్నాడన్నది వాచిక విమర్శకు మూలాధారం. అందుచేత శుభ్రం చేయని మూలప్రతిని వేరుగా నిలపడం తప్పనిసరి. ధ్వనిభద్రతకు అంతర్జాతీయంగా పాటించే ప్రమాణాలు కుదింపులేని వేవ్ రూపాన్ని, 24 బిట్ల లోతును సూచిస్తాయి. ఎం.పి.3 ప్రతి వినియోగానికి సరిపోవచ్చు, మూలానికి సరిపోదు.

మూడవది వివరం. సేకరణలోని ప్రతి ముద్రణకూ ఈ అంశాలు నమోదు కావాలి: మూలరూపం (రికార్డు, స్పూలు టేపు, క్యాసెట్, ఫిల్ము), లేబులూ సంఖ్యా, విడుదల లేక ప్రసార సంవత్సరం, నిడివి, కంఠం ఎవరిది, రూపం ఎవరిది, పాత్ర, సంభాషణ రచయిత, కుదింపు ఉన్నదా లేదా, వ్యాఖ్యాత మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసింది, నకలు ఎన్నవ తరం, వేగం సరిచూసిన ఆధారం. కంఠాన్నీ రూపాన్నీ విడివిడిగా నమోదు చేయడం ఒక్కటే చేసినా శివాజీ పేరు కింద దాగిన జగ్గయ్య తిరిగి బయటపడతారు. తెలియని అంశాన్ని ఊహించి నింపకుండా ఖాళీగా వదలడం కూడా పరిష్కర్త ధర్మమే.

కంఠాన్ని సాహిత్యపాఠంలో భాగంగా గుర్తించిన సందర్భం తెలుగులోనూ ఉంది. గూటాల కృష్ణమూర్తి 1981లో లండన్ నుంచి వెలువరించిన 'మహాప్రస్థానం' ప్రత్యేక ముద్రణలో శ్రీశ్రీ చేతిరాతతోపాటు ఆయన కంఠంలోని కవితాపఠనం క్యాసెట్‌గా చేరింది. అమెరికాలో 1952లో మొదలైన కేడ్మన్ రికార్డుల సంస్థ కవుల, నటుల పఠనాలను గ్రంథమర్యాదతో ప్రచురించింది. కవి కంఠానికి దక్కిన ఈ గౌరవం నటుని కంఠానికి కూడా దక్కవలసి ఉంది.

7. హక్కులు, భద్రత

1954 నాటి గ్రంథ సమర్పణ చట్టం పుస్తకాలను, తరువాతి సవరణతో పత్రికలను జాతీయ గ్రంథాలయాలకు సమర్పించడాన్ని తప్పనిసరి చేసింది. శబ్దముద్రణలు దాని పరిధిలో లేవు. 1964లో పూనాలో ఏర్పడిన జాతీయ ఫిల్ము ఆర్కైవు ఫిల్మును కాపాడుతుంది. రేడియో కుదింపులకు, ఇంటి క్యాసెట్లకు అటువంటి ఆశ్రయం లేదు. ఫలితంగా భద్రత భారం వ్యక్తుల మీద పడింది. కోస్తా తేమకు టేపు మీద బూజు పడుతుంది, లక్కతో చేసిన పాత రికార్డు జారితే పగులుతుంది, వారసులకు విలువ తెలియకపోతే పాతసామాన్ల బండికి చేరుతుంది.

హక్కుల విషయంలో పరిశోధకులు జాగ్రత్త వహించాలి. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం సినిమాకు, శబ్దముద్రణకు ప్రచురణ తరువాతి సంవత్సరం నుంచి 60 ఏళ్ల రక్షణ ఉంది. ఆ లెక్కన 1974 నాటి చిత్రం 2034 చివరిదాకా రక్షణలో ఉంటుంది. ప్రసారహక్కు 25 ఏళ్లతో ముగిసినా, ప్రసారమైన సినిమాపై హక్కు ముగియదు. సంభాషణ రచయిత హక్కు ఆయన జీవితకాలానికి మరి 60 ఏళ్లు కలిపి లెక్కించాలి. అయితే పరిశోధన, విమర్శల కోసం చేసే న్యాయమైన వినియోగాన్ని చట్టం అనుమతిస్తుంది. బహిరంగ పంపిణీకి దిగకుండా కళాశాల గ్రంథాలయంలో వినే ఏర్పాటుతో, వివరపట్టికను మాత్రం అందరికీ అందుబాటులో ఉంచే పద్ధతి ఈ పరిధిలో ఆలోచించదగినది. పట్టికకు హక్కుల అడ్డంకి లేదు. ఏ ముద్రణ ఎక్కడ ఉందో తెలియడమే పరిశోధనలో సగం పని.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

* నేపథ్యగాన వ్యవస్థ, అనువాదచిత్రాల వల్ల తెలుగులో నటుని రూపమూ కంఠమూ వేర్వేరు చరిత్రలు కలవి అయ్యాయి. సేకరణ వాటిని విడివిడిగా నమోదు చేయాలి.

* రంగస్థలపు శిరఃస్థానం నుంచి మైక్రోఫోను అనుమతించిన ఉరఃస్థానానికి తెలుగు వాచికం జరిగిన మార్పుకు జగ్గయ్య కంఠం ముఖ్యమైన ఉదాహరణ. కాకువు, స్థానం, లయ వంటి దేశీయ పరిభాష ఈ పరిశీలనకు చాలినంత బలం కలది.

* 'అల్లూరి సీతారామరాజు' చిత్రంలో రూథర్‌ఫర్డ్‌కు దక్కిన గాంభీర్యం కళాపరంగా విజయం. అదే గాంభీర్యం నర్సీపట్నం, చింతపల్లి ప్రాంతాల శ్రోతకు చరిత్రగా వినిపించే అవకాశమూ కలిగి ఉంది. ఆ చిత్రాన్ని బోధనలో వినిపించేటప్పుడు అందులో వినబడనివారి ప్రస్తావన తప్పక జరగాలి.

* తెలుగు సంక్షిప్త శబ్దచిత్రం పునఃప్రదర్శన కాదు, పునఃకూర్పు. దానికి పాఠపరిష్కరణ సూత్రాలు వర్తిస్తాయి.

* నటుల శబ్దముద్రణలపై ప్రాంతీయ కళాశాలలు, వ్యక్తిగత సేకర్తలు కలిసి ఉమ్మడి వివరపట్టికను సిద్ధం చేయడం తక్షణావసరం.

మన్యం మనుషుల మాటను దాని కాలంలో దాచుకోలేకపోయిన నష్టం ఇప్పుడు పూడ్చలేనిది. వారి మీద సినిమా, రేడియో పలికిన మాట ఇంకా క్యాసెట్లలో, పెట్టెలలో మిగిలి ఉంది. దానిని వివరంతో సహా నిలుపుకుంటే, ఎవరి గొంతు ఎవరికోసం పలికిందో రాబోయే పరిశోధకుడు కనీసం తేల్చుకోగలుగుతాడు.